పొయ్యి ముందు కూర్చునే మనిషి

ఎడ్లు కొనాలంటే మనం ఊళ్లో నలుగురినీ అడుగుతాం. సెల్‌ఫోన్ కొనాలంటే పిల్లల్ని అడుగుతాం. పొయ్యి కొనేటప్పుడు మాత్రం రోజూ దాని ముందు కూర్చునే మనిషిని అడిగే ఇళ్లు తక్కువ.

మా ఇంట్లో వంట అమ్మదే. నేనూ నా భార్యా ఉదయమే ఉద్యోగాలకు పోతాం. పోయిన వానాకాలంలో పచ్చి కట్టెల పొగకు అమ్మ దగ్గు ఎక్కువైంది. పొగకు దూరంగా ఉండాలని డాక్టరు చెప్పారు. దాంతో కొత్త పొయ్యి మాట వచ్చింది.

మొదట ఇండక్షన్ పొయ్యి అనుకున్నాం. అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నెలే దాని మీద వేడెక్కుతాయి. బడిలోని అయస్కాంతం తెచ్చి ఇంట్లో గిన్నెలన్నిటికీ పెట్టి చూశాను. ఇనుప పెనానికి తప్ప సత్తు గిన్నెలకు గానీ, మట్టికుండకు గానీ అంటుకోలేదు. పైగా గాలీవానా వస్తే మా కొండ మీద కరెంటు ఉండదు. పొగ తక్కువ వచ్చే కట్టెల పొయ్యి కూడా చూశాం. కట్టెలు తక్కువ పడతాయి గానీ పొగ పూర్తిగా పోదు, కట్టెల మోత తప్పదు. నా తరగతిలో కట్టెలకు వెళ్లి బడి మానేది ఆడపిల్లలే.

ఇక గ్యాస్. 2016లో ఉజ్వల పథకం వచ్చాక పేదల ఇళ్లకు కనెక్షన్లు వచ్చాయి. కానీ 14.2 కిలోల గ్యాస్ ఉన్న బండ, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. బండి ఆగే రోడ్డు నుంచి ఇంటిదాకా భుజాన మోయాలి. మళ్లీ నింపడానికి చేతిలో డబ్బుండాలి.

అమ్మను అడిగితే వేరే లెక్క చెప్పింది. “నిల్చుని వండితే మోకాళ్లు పట్టేత్తాయి బాబూ. అంబలి గెలుకుతుంటే కుండ కదలకుండా ఉంటాదా? అటక మీద ఇత్తనం కంకులకి పొగెలాగ?” ఈ మూడు ప్రశ్నలూ కొట్టువాడి కాగితంలో లేవు.

చివరికి గ్యాసే తీసుకున్నాం. గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే కిందికి దిగుతుంది. పొయ్యి బండ కన్నా ఎత్తులో ఉండాలి, గదికి గాలి ఆడాలి. అందుకని అరుగు ఎత్తుగానే కట్టించి, అమ్మ కూర్చోవడానికి ఎత్తు పీట చేయించాం. అంబలికి అడుగు వెడల్పున్న గిన్నె కొన్నాం. పాత మట్టి పొయ్యిని వసారా బయట పాక కిందికి మార్చాం. నీళ్లు కాగేది అక్కడే, కంకులకు పొగ తగిలేదీ అక్కడే. బండ మోయడం నా వంతు, దాని డబ్బు మా జీతాల్లోంచి ముందే పక్కన పెడుతున్నాం. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు గానీ రాత్రిళ్లు నిద్రపోతోంది.

మీ ఇంట్లో కొత్త పొయ్యి మాట వస్తే, వండే మనిషిని కొట్టుకు వెంట తీసుకెళ్లండి. రోజూ వండే గిన్నె కూడా పట్టుకెళ్లండి. దాని మీద పెట్టి, ఆమెను గెలికి చూడమనండి. ఆమె సరే అన్నాకే డబ్బు తీయండి.