పలువరుసకు అచ్చు తీసిన దినము

దంత్యములను గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయునకే దంతములు లేకపోయిన నెట్లుండును? గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసి బడి తెరచునప్పటికి మా స్థితి యదియే. చాల యేండ్లుగా చిగుళ్ల వ్యాధిని లక్ష్యపెట్టక యుండుటచేత పై పలువరుస యంతయు కదలిపోయి, ఒకటి వెంట నొకటిగా తీయించుకొనవలసి వచ్చెను. మాకింకను ఏబది యేండ్లు నిండలేదు. చిగుళ్లు చక్కగా మానిన పిమ్మటనే కట్టుడుపండ్లకు కొలత తీయుదునని వైద్యురాలు చెప్పెను. సెలవు పెట్టుడని మా యిల్లాలు బతిమాలినను వినక బడికి పోవుచుంటిమి.

ఒకనాడు ఎనిమిదవ తరగతి వారికి ఉక్తలేఖనము చెప్పితిమి. అందు 'సకలము' అను పదమొకటి. పుస్తకములు దిద్దునపుడు చూడగా ఎనమండుగురు 'శకలము' అని వ్రాసియుండిరి. ఒక్కొక్క మార్కు తీసివేసి, మరునాడు వారిని నిలువబెట్టి మందలించితిమి. అందరును తలలు వంచుకొనిరి గాని, వెనుక బల్ల మీది బాలుడొకడు మాత్రము, "అయ్యా, మీరు పలికినదే వ్రాసితిని" అనెను. తరగతి నవ్వలేదు. నవ్వియుండిన మాకు కోపము వచ్చియుండెడిది. నవ్వకపోవుటచే సిగ్గు కలిగినది. ఇంటికి వచ్చి అద్దము ముందు నిలిచి పలికి చూచుకొంటిమి. సమస్తమని చెప్పబోయి ముక్కయని చెప్పుచుంటిమి! శిక్షణ కళాశాలలో వర్ణోత్పత్తి స్థానములను కంఠస్థము చేసినవారమే మేము. మరునాడే మార్కులు తిరిగి వేసితిమి. కారణము చెప్పుటకు మాత్రము నోరు రాలేదు.

కొలత తీయు దినమున వైద్యురాలు ఇటుకరంగు బిళ్ల నొకదానిని మాకు చూపెను. చేతికి రాయివలె గట్టిగా తగిలినది. దీనిని ఇంప్రెషన్ కాంపౌండ్ అందురు. ఇది మైనమును, జిగురు పదార్థములను, బలపపు రాతిపొడిని కలిపి చేసిన ముద్ద. కొన్నింటిలో లక్కయు చేరును. సుమారు 55 మొదలు 60 సెంటీగ్రేడు డిగ్రీల వేడినీటిలో నుంచిన మెత్తబడి, నోటిలోని 37 డిగ్రీల వేడికి మరల గట్టిపడును. ఏటికొప్పాక బొమ్మల నెరిగిన విద్యార్థులకు ఇది వింతగాదు. అచటి పనివారు తిరుగుచున్న కొయ్యకు లక్కకడ్డీని ఒత్తిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కొయ్య నంటుకొని, చల్లారి మెరయును గదా!

ఆమె తొందరపడలేదు. ఈ పదార్థము వేడిని మెల్లగా గ్రహించునట. పైన మెత్తబడినంత మాత్రమున లోపల మెత్తబడినట్లు కాదు. అట్లని నీటిలో మరీ సేపుంచిన, అందలి కొన్ని పదార్థములు నీటిలోనికి పోయి ముద్ద చెడును. ఆమె దానిని పూరీల పిండివలె వ్రేళ్లతో పిసికి, చిన్న పళ్లెరములో పరచి, "మాస్టారు గారూ, పెదవులు వదులుగా నుంచుడు, ముక్కుతో గాలి పీల్చుడు" అని పై చిగుళ్లకు ఒత్తెను. వెచ్చని ముద్ద అంగిలి యంతయు నిండి వమనమగునేమో యను భయము కలిగినది. బల్ల క్రింద మా పాదములు ఏమిచేసెనో చెప్పుకొనము.

బయటికి తీసి చూడగా ఎడమవైపు నొక గుంట! గాలి నిలిచెనట. అచ్చు వ్యర్థమాయెనని మేమనుకొనగా, ఆమె దానినే మరల వేడినీటిలో ముంచి, మెత్తజేసి, రెండవసారి ఒత్తెను. సున్నపుముద్దవలె ఒక్కసారి గట్టిపడి యూరకొనునది కాదిది. అయితే పండ్లున్న దవడకిది తగదు. పంటి ఉబ్బు క్రింద దూరి గట్టిపడినచో తీయునపుడు వంగును, లేదా విరుగును. అందుచే మా క్రింది పలువరుసకు సముద్రపు నాచునుండి చేయు ఆల్జినేటు పొడిని నీటిలో కలిపి అచ్చు తీసిరి. తరువాతి దినమున పై చిగుళ్లకే మరింత సూక్ష్మమైన అచ్చు తీసిన లేపనము లవంగపు వాసన వచ్చెను. లవంగనూనెలోని యూజెనాలే అందు కలదట.

ఈ విద్య క్రొత్తది కాదు. ప్రష్యా రాజగు ఫ్రెడరిక్కు దంతవైద్యుడైన ఫిలిప్ ఫాఫ్, 1756 లో ప్రకటించిన గ్రంథమున, మైనముతో అచ్చు తీసి అందు జిప్సపు సున్నము పోయు విధమును వర్ణించెను. పిదప మలయా దేశపు చెట్లపాలనుండి వచ్చు గట్టాపర్చాను వాడిరి గాని, అది చల్లారునపుడు కుంచించుకొని ఆకారము చెడుచుండెను. లండను దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ 1856-57 ప్రాంతమున దానికి స్టియరిన్ అను క్రొవ్వు పదార్థమును, బలపపు రాతిపొడిని, ఎఱ్ఱరంగును చేర్చి బాగుచేసెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఎస్సెర్ అను డచ్చి శస్త్రవైద్యుడు గాయపడిన ముఖములకు చర్మము అతుకునపుడు, చర్మమును కదలనీయక పట్టుటకు ఈ ముద్దనే వాడెను. నేడు గుండె రక్తనాళములలో పెట్టు గొట్టమునకు స్టెంటు అను పేరు ఈ దంతవైద్యునినుండియే వచ్చెనందురు. అట్టి గొట్టమును మనుష్యుని గుండె రక్తనాళమున మొదట పెట్టినది 1986 లో, ఫ్రాన్సులోని తూలూజ్ నగరమున.

కట్టుడుపండ్లు వచ్చిన మొదటి వారము సకారమునకు మారుగా ఈల వచ్చుచుండెను. రాత్రులందు వార్తాపత్రికను బిగ్గరగా చదువుచుంటిమి; మా యిల్లాలు తప్పులు పట్టుచుండెను. నాలుకకు క్రొత్త గోడ యలవడిన పిమ్మట, ఎనిమిదవ తరగతిలో మునుపటి తప్పు మాదేయని చెప్పి, మరల ఉక్తలేఖనము చెప్పితిమి. ఈ మారు 'సకలము', 'శకలము' రెండును చేర్చితిమి. వెనుక బల్ల మీది బాలుడు కలము నెత్తిపట్టుకొని మా నోటి వంక చూచుచు, "అయ్యా, మరియొకసారి చెప్పుదురా?" అనెను.

మరియొకసారి చెప్పితిమి.