చెరువుల నడుమ కోట

ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవారికి కోట అనగానే సముద్రం గుర్తుకు వస్తుంది. కొండ కొమ్మున కూలిన గోడలు, కింద హోరెత్తే కెరటాలు. అనువాదాలు చేస్తూ అటువంటి కోటలు ఎన్నో తెలుగులో కట్టాను. ఒక్కటీ కంటితో చూడలేదు. విశాఖలో సముద్రాన్ని వదలి, పార్వతీపురం, రాయగడ, మహాసముంద్ మీదుగా రాయ్‌పూర్‌లో రైలు దిగినది కూడా ఒక కోట కోసమే.

1870 నాటి మధ్యపరగణాల గెజిటీరు దానిని వర్ణించింది. 1460లో భువనేశ్వరసింహుడు కట్టించాడట. వెలుపలి గోడ చుట్టుకొలత దాదాపు ఒక మైలు. అయిదు ద్వారాలు, బురుజులు. దక్షిణాన బూఢా తలాబ్, తూర్పున మహారాజ్‌బంధ్, కందకాల వలె రెండు చెరువులు. ఆ రాజులు హైహయులు. మన పల్నాటి కథలోని అనుగురాజు కూడా తనను ఆ వంశజుడిగానే చెప్పుకున్నాడు. 1741లో మరాఠాలు ఈ దేశం మీద పడ్డారు. 1818లో ఆంగ్లేయులు రాజధానిని రతన్‌పూర్ నుంచి ఇక్కడికి మార్చారు.

ఆటోవానికి కోట అంటే తెలియలేదు. బూఢా తలాబ్ గట్టున కూర్చున్న ఒక పెద్దాయన నా ఫోను సంభాషణ విని తెలుగులో పలకరించాడు. "బాబూ, రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి నలభై ఏళ్ళయింది. చెరువు తెలుసు గానీ, కోట ఎక్కడిది?"

చెరువు మధ్య వివేకానందుని బృహద్విగ్రహం ఉన్నది. 1877లో, పద్నాలుగేళ్ళ నరేంద్రుడు తల్లిదండ్రులతో ఈ ఊళ్ళో రెండేళ్ళు ఉన్నాడు. గెజిటీరు అచ్చయి అప్పటికి ఏడేళ్ళే. కనుక నేను వెదికే గోడలను ఆ బాలుడు చూసే ఉంటాడు. చెరువుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. జనం మాత్రం పాతపేరే అంటారు. బూఢా అంటే ముసలి అని కొందరు, గోండుల బూఢాదేవుడని కొందరు.

ఈ చెరువు తొలుత దాదాపు చదరపు మైలు ఉండేదని, 1870కి ముందే దానిని తగ్గించారని అదే గ్రంథం చెబుతుంది. మన పూర్వులు ఇంతటి నీటిని చూస్తే చెరువు అనేవారు కారు. బుక్కరాయసముద్రం, కేసముద్రం అంటూ పేర్లు పెట్టినవారు కదా! ఆ లెక్కన నా కోట సముద్రతీరానిదే. కోటను రాళ్ళూడదీసి తీసుకుపోవచ్చు. చెరువును తీసుకుపోవడం కుదరదు, అంచుల నుంచి పూడ్చుకుంటూ రావాలి. చుట్టూ రోడ్లూ మేడలూ చూస్తే ఆ పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. గోడలు పోయినందుకు కలగని బాధ నాకు ఇక్కడ కలిగింది.

సాయంత్రం మహారాజ్‌బంధ్ వైపు నడిచాను. రేవులో ఒక స్త్రీ పెద్ద చెక్కుడురాయి మీద బట్టలు ఉతుకుతున్నది. రాతికి ఒక పక్క నునుపుగా తీర్చిన అంచు కనిపించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగబోయి, పనిలో ఉన్న మనిషిని ఆపడమెందుకని ఊరకున్నాను.