అడిగితేనే చెబుతుంది

గోదావరి, శబరి కలిసే కూనవరంలో ఓ కోయ పెద్దాయన నాతో గంటకు పైగా మాట్లాడారు. 2014లో ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన రోజులవి. నేను అప్పుడప్పుడే రిపోర్టర్‌గా చేరాను. ఆయన గోడు ఒకటే. వచ్చిన ప్రతి అధికారీ పేరు, ఇంటి నెంబరు, కార్డు నెంబరు రాసుకుని వెళ్తున్నారే తప్ప ఎలా ఉన్నారని అడగడం లేదు. వార్త రాశాను, మరో వార్తలో పడిపోయాను. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయన కాలం చేశారు. మిగిలింది ఓ ఆడియో ఫైలు. అదీ ఒకే ఒక్క హార్డ్ డిస్క్‌లో.

గత ఏడాది ఓ రాత్రి ఆ డిస్క్ మొండికేసింది. ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ నిమిషాల తరబడి బిగుసుకుపోయేది. లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. పదేళ్ల ఇంటర్వ్యూలు అందులోనే ఉన్నాయి, రెండో కాపీ లేదు. రాజనీతిశాస్త్రం పరీక్షల్లో అధికార వికేంద్రీకరణ గురించి పేజీలకు పేజీలు రాసిన నేను సొంత ఫైళ్లన్నీ ఒకే చోట పోగేశాను.

పాడైన డిస్క్‌ల నుంచి డేటా తీసే కుర్రాడొకడు హైదరాబాద్‌లో ఉన్నాడంటే పరుగెత్తాను. అతను దాన్ని చేతిలోకి తీసుకుంటూనే అన్నాడు: “ముందు డబ్బాలోంచి తీద్దాం అన్నా. డబ్బా తన పేరే చెప్తది, డిస్క్ పేరు చెప్పనియ్యది.”

నాకు అర్థం కాలేదు. బయట వాడుకునే డిస్క్‌కు, కంప్యూటర్‌కు నడుమ ఓ చిన్న చిప్ దుబాసీగా ఉంటుందట. నువ్వెవరని కంప్యూటర్ అడిగితే చాలాసార్లు అదే తన పేరు చెప్పేస్తుంది. ఒంట్లో ఎలా ఉందన్న ప్రశ్నను కొన్ని చిప్‌లు లోపలికి చేరవేయనే చేరవేయవు. దళారులు మన వ్యవసాయ మార్కెట్లలోనే ఉంటారనుకున్నాను. కుర్రాడు స్క్రూలు విప్పి డిస్క్‌ను నేరుగా సాటా కేబుల్‌కు తగిలించాడు.

డేటా జోలికి వెళ్లే ముందే కంప్యూటర్ ఇలాంటి డిస్క్‌కు ఓ ప్రశ్న వేస్తుంది. దాని పేరు ఐడెంటిఫై డివైస్. జవాబుగా డిస్క్ సరిగ్గా 512 బైట్లు పంపుతుంది. 256 గడులున్న ఫారం అనుకోవచ్చు. ఏ గడిలో ఏముండాలో ప్రమాణాలు రాసినవారు ముందే నిర్ణయించారు. సీరియల్ నెంబరుకు 20 అక్షరాలు, మోడల్ పేరుకు 40, లోపల నడిచే ఫర్మ్‌వేర్ వెర్షన్‌కు 8. మొత్తం ఎన్ని సెక్టార్లున్నాయి, డేటా ఎంత వేగంతో పంపగలదు వంటివి మిగతా గడుల్లో ఉంటాయి. 217వ నెంబరు గడిలో 7200 అని ఉంటే లోపలి పళ్లెం నిమిషానికి అన్నిసార్లు తిరుగుతుందని అర్థం. 1 అని ఉంటే తిరిగేదేమీ లేదని, అంటే అది ఎస్ఎస్‌డీ అని.

సర్కారీ ఫారాల్లాగే దీనికీ పాత వాసనలు వదల్లేదు. పేర్లలోని అక్షరాలు జంటజంటలుగా తారుమారై వస్తాయి. ఏబీసీడీ కాస్తా బీఏడీసీ అవుతుంది, కంప్యూటరే సరిచేసుకోవాలి. మరో చోట డిస్క్ తనకు 16 హెడ్‌లున్నాయని చెబుతుంది. విప్పి చూస్తే రెండే ఉండొచ్చు. పాత కంప్యూటర్ల కోసం అందరూ ఒప్పుకున్న అబద్ధమది. ఆ లెక్క 8.4 జీబీ దాటదు కనుక అసలు సైజు రాయడానికి 28 బిట్ల లెక్క వచ్చింది. అదీ 137 జీబీ దగ్గర ఆగిపోతే 48 బిట్లకు వేరే గడులు కేటాయించారు. పాత గడులను మాత్రం తీసేయలేదు.

అయితే ఇదంతా గుర్తింపు కార్డే. ఆరోగ్య పరీక్షకు స్మార్ట్ అనే ఏర్పాటు ఉందా లేదా అన్నంతవరకే ఆ ఫారం చెబుతుంది. ఆ పరీక్షలో ఏం తేలిందో తెలియాలంటే ఇంకో కమాండ్‌తో విడిగా అడగాలి. కుర్రాడు అడిగాడు. డిస్క్ 19 వేల గంటలకు పైగా పనిచేసింది. పాడై పక్కన పెట్టిన సెక్టార్లు 312. చదవలేక పెండింగ్‌లో ఉంచినవి 88. ఇంతా చేసి పై వరుసలో ‘పాస్’ అని ఉంది. ఆ పాస్ మార్కును నిర్ణయించేది డిస్క్ తయారీదారే.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?” అన్నాను.

“చెప్పేదే అన్నా. మీరు అడగలే.”

అడిగినా అన్నీ చెప్పవన్నది కూడా నిజమే. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ఓ అధ్యయనం ప్రచురించారు. చెడిపోయిన వాటిలో 56 శాతానికి పైగా డిస్క్‌లు నాలుగు కీలక హెచ్చరికల్లో ఒక్కటీ చూపలేదు. కానీ స్కాన్‌లో తొలి లోపం బయటపడిన డిస్క్ 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతావాటి కంటే 39 రెట్లు ఎక్కువని అదే అధ్యయనం తేల్చింది. మౌనం ఆరోగ్యానికి హామీ కాదు. మూలుగును మాత్రం పెడచెవిన పెట్టకూడదు.

రాజ్యానికి కావలసింది మొదటి జవాబే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్ నమూనా ఉంది. అందులో మోడల్, సీరియల్ నెంబరు, ఫైలుకు వేలిముద్ర వంటి హ్యాష్ విలువ రాయాలి. సాక్ష్యం మారలేదని నిరూపించడానికి అవి అవసరమే. కానీ ఆ సాక్ష్యాన్ని మోస్తున్న డిస్క్ ఇంకెన్నాళ్లు బతుకుతుందో చెప్పే గడి అందులో లేదు. కూనవరం పెద్దాయన అన్నదీ దాదాపు ఇదే. నేనూ ఆ అధికారుల్లాంటివాణ్నే. డిస్క్ తగిలించగానే పేరు కనిపించిందా లేదా అని చూసుకున్నాను, అంతే.

కుర్రాడు డిస్క్ మీద ఏమీ రాయకుండా, బాగున్న భాగాలను ముందు, మొరాయించేవాటిని తర్వాత చదివించి రెండు రోజుల్లో కాపీ తీశాడు. ఇప్పుడు మూడు చోట్ల మూడు కాపీలున్నాయి. ప్రతి నెలా ఒకటో తారీఖున అన్ని డిస్క్‌లనూ ఎలా ఉన్నావని అడుగుతున్నాను.

కూనవరం ఫైలు దాదాపు మొత్తం దొరికింది, 11 సెకన్లు తప్ప. పెద్దాయన ఏదో చెబుతుండగా గొంతు ఆగిపోతుంది. మళ్లీ వినిపించేసరికి ఆయన నవ్వుతున్నారు, ఆయనతో పాటు నేనూ. ఏ మాటకు నవ్వామో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.