కొలత తొడిగేవానిది

పెద్దలకు వ్యాధి కలిగినప్పుడు బిడ్డలు చేయవలసిన సేవ ఏమిటని అడిగితే, మంచి వైద్యుని వెదకడం, డబ్బు సమకూర్చడం, వేళకు మందులివ్వడం అని మనమందరమూ చెబుతాము. నేనూ అట్లే తలచినవాడినే. ఇవన్నీ చేసిన తరువాత కూడ ఒక పని మిగిలిపోతుందని, అదే అన్నిటికంటె కష్టమైనదని మా తండ్రిగారి అనారోగ్యం నాకు నేర్పింది.

మా అబ్బాజాన్ కర్నూలు పాతబస్తీలో నలభై ఏండ్లకు పైగా దర్జీ పని చేసినవారు. షేర్వాణీ కుట్టడంలో ఆయనకు మంచి పేరు. మిషను ముందు కూర్చున్నంతసేపూ పెదవుల మధ్య బీడీ వెలుగుతూనే ఉండేది. డెబ్బది నాలుగవ ఏట ఒకనాడు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. రెండు రోజులకు దానంతట అదే ఆగిపోయింది. ఎండ వేడిమి అని ఆయన అన్నారు, మేము నమ్మినాము. నొప్పిలేని రక్తమే మూత్రాశయపు కేన్సరుకు తొలి హెచ్చరిక కావచ్చునని మాకు తెలియదు. పొగాకులోని విషపదార్థాలు మూత్రపిండాలలో వడకట్టబడి, మూత్రంతోపాటు నిలిచి, ఆ సంచి గోడలను గంటల తరబడి అంటి ఉంటాయనీ, ఈ వ్యాధి కారణాలలో పొగాకుదే మొదటి స్థానమనీ తరువాత గాని తెలియలేదు. మూడు నెలలకు మరల రక్తం కనిపించిన పిమ్మట హైదరాబాదులోని ఒక ఆసుపత్రికి తీసికొనిపోయినాము.

వైద్యులు మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి చూచినారు. కణితి ఉన్నది. పొట్ట కోయకుండ, ఆ మార్గం గుండానే దానిని గీకి తీసివేసినారు. కేన్సరు అనే మాట అబ్బాజాన్ చెవిన పడరాదని భాయిజాన్, నేను కలిసి నిశ్చయించుకొన్నాము. లోపల పుండు ఉన్నదని మాత్రం చెప్పినాము. ఆనాటితో ఆయన బీడీ మానివేసినారు.

ఈ వ్యాధికి మరల మరల తిరిగివచ్చే గుణం ఎక్కువ. అది రాకుండ బి.సి.జి. మందు ఇచ్చినారు. క్షయ సోకకుండ పసిబిడ్డల చేతికి వేసే టీకా మందే ఇది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కాల్మెట్, గెరాన్ తయారుచేసిన ఈ మందును 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చినారు. దీనిని మూత్రాశయంలో నింపితే శరీరపు రక్షణశక్తి మేలుకొని కేన్సరు కణాలపై తిరుగబడుతుందని కెనడాలోని వైద్యుడు మోరాలెస్ 1976లో ప్రకటించినాడు. వారానికొకమారు చొప్పున ఆరు వారాలు, కొంత విరామం తరువాత మరి మూడు వారాలు. మందు నింపిన పిమ్మట సుమారు రెండు గంటలు బిగబట్టి ఉండవలె. అబ్బాజాన్ గడియారం వైపు చూస్తూ, తస్బీహ్ త్రిప్పుతూ కూర్చునేవారు. ఆ రాత్రి మంటతో నిద్ర ఉండేది కాదు.

అయినను తరువాతి పరీక్షలో కణితి తిరిగి కనిపించింది. వైద్యులు నన్నూ, భాయిజాన్‌నూ లోనికి పిలిచినారు. నేను కాగితంపై ఇరువది ప్రశ్నలు వ్రాసుకొని వెళ్ళినాను. బయట బల్లపై కూర్చున్న అబ్బాజాన్ నన్ను ఆపి ఇట్లా అన్నారు: "బేటా, నా కొలత తీయకుండానే నాకు షేర్వాణీ కుడుతున్నారా?"

నా నోట మాట రాలేదు. కేన్సరు సంగతి ఆయనకు మొదటి నెలలోనే తెలిసినదట. మేము బాధపడతామని ఆయన, ఆయన బాధపడతారని మేము, ఒకరికొకరం దాచుకొన్నాము. ఆయన చేయి పట్టుకొని లోనికి తీసికొనిపోయినాను.

వైద్యుడు ఓపికతో వివరించినారు. వ్యాధి మూత్రాశయపు లోపలి పొరను దాటి దాని క్రింది పొరకు చేరింది, కండరానికి ఇంకను సోకలేదు. అబ్బాజాన్ తల ఊపి, "అస్తరు దాటింది, బట్టకు అంటలేదు" అన్నారు. అంత తేటగా నా ఇరువది ప్రశ్నలలో ఒక్కటీ లేదు.

ఉన్న దారులు మూడు. మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించడం మొదటిది. అప్పుడు చిన్నప్రేవు ముక్కతో మార్గం కట్టి, పొట్టపై రంధ్రం చేసి సంచి తగిలిస్తారు. వ్యాధిని అరికట్టడానికి అదే గట్టి మార్గం. కాని అది పెద్ద శస్త్రచికిత్స, ఆ వయసువారికి కోలుకొనుటకు నెలలు పడుతుంది. రెండవది, జెమ్‌సైటబిన్, డోసిటాక్సెల్ అను మందులను ఒకదాని తరువాత ఒకటి మూత్రాశయంలో నింపి, మూడు నెలలకొకమారు పరీక్షించడం. ఇందులో మూత్రాశయం నిలుస్తుంది, కాని ఈలోగా వ్యాధి కండరానికి పాకే ప్రమాదం ఉన్నది. మూడవది, వచ్చినప్పుడల్లా గీకివేసి, ఉన్నన్నాళ్ళు బాధ లేకుండ చూచుకోవడం. తన సలహా మొదటిదేనని వైద్యుడు దాపరికం లేకుండ చెప్పినారు. నా కోరికా అదే.

అబ్బాజాన్ మాత్రం ఒప్పుకొనలేదు. చావు భయమనుకొన్నాను. ఇంటికి వచ్చిన మూడవనాటి రాత్రి, "అబ్బా, మీకు దేనికి భయం?" అని తొలిసారి అడిగినాను. చాలసేపటికి, "ఎల్లప్పుడూ మూత్రం కారే సంచితో వజూ నిలుస్తుందా? నమాజు లేకుండ బ్రతికి ఏమి లాభం బేటా?" అన్నారు. ఇరువది ప్రశ్నలు వైద్యునికి వేసిన నేను, ఈ ఒక్క ప్రశ్న కన్నతండ్రికి వేయలేదు.

మరునాడు మౌలవీ సాహెబు వద్దకు వెళ్ళినాము. తన వశంలో లేని కారణం గలవాడు మాజూర్ అవుతాడనీ, ప్రతి నమాజు వేళకు క్రొత్తగా వజూ చేసికొని నమాజు చేసికొనవచ్చుననీ ఆయన చెప్పినారు. తిరిగివస్తూ అబ్బాజాన్ దారిలో రెండు చోట్ల ఆగి కన్నులు తుడుచుకొన్నారు.

ఇక శస్త్రచికిత్సకు ఒప్పుకొంటారని ఆశించినాను. ఆయన తన పాత కొలతల పుస్తకం తెరచి, ఒక ఖాళీ పుటపై ఉర్దూలో వ్రాసినారు: రెండవ దారి. మూడు నెలల పరీక్షలో వ్యాధి ఉంటే మొదటి దారి, ఒక్క దినమైనా ఆలస్యం లేకుండ. క్రింద సంతకం చేసి, "నిన్నటి వరకు భయంతో వద్దన్నాను. ఈనాడు ఆలోచించి చెబుతున్నాను" అన్నారు. ఆ పుటను వైద్యునికి చదివి వినిపించినాము. అందలి ప్రమాదాన్ని ఆయన మరొకమారు స్పష్టంగా చెప్పి, సరేనన్నారు. నాకు ఇష్టం లేకపోయినా తల వంచినాను.

మొదటి మూడు నెలల పరీక్షలో కణితి కనిపించలేదు. రెండవ పరీక్ష వచ్చే నెలలో ఉన్నది. ఏమి తేలుతుందో దైవానికెరుక. ఆ పుట మాత్రం మా ఇంట అద్దం వెనుక భద్రంగా ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, మీలో చదువుకొన్న బిడ్డలు మీరొక్కరే అయిన ఇండ్లు అనేకం ఉన్నవి. రేపు ఆసుపత్రి కాగితాలు మీ చేతికే వస్తాయి. చదివి అర్థం చెప్పండి, దాచకండి. వైద్యుని ప్రశ్నించడానికి ముందు మీ తల్లిదండ్రులను ఒక్క మాట అడగండి. గుడ్డ ఎంత మంచిదైనా, దర్జీ ఎంత నేర్పరియైనా, కొలత తొడిగేవానిదే కావలె.