స్క్రైబ్ కావాలి

పరీక్షల సీజన్ వస్తే చాలు, వాట్సాప్‌లో ఓ మెసేజ్ తిరుగుతుంటుంది: "చూపులేని విద్యార్థికి స్క్రైబ్ కావాలి". ఫార్వర్డ్ కొట్టేసి, మన వంతు అయిపోయిందనుకుంటాం.

సేవ అంటే పండ్లు పంచి ఫొటో దిగడమే చాలామందికి. స్క్రైబ్‌గా వెళ్తే ఆ ఛాన్స్ లేదు, ఫోన్ హాలు బయటే పెట్టాలి. పరీక్ష రాసే విద్యార్థులు చెప్పింది చెప్పినట్టు రాయడమే పని. తప్పు చెప్పినా దిద్దకూడదు. జవాబు మనకు తెలిసి, వాళ్లు తడుముకుంటుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే గానీ తెలీదు. పట్టిక ఉన్న ప్రశ్న వచ్చిందా, ఒక్కో గడీ చదివి వినిపించాలి. "ఇంకోసారి చదవండక్కా" అంటే విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచీ.

2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చూపులేని అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం. అంటే మూడు గంటల పేపర్‌కి నాలుగు గంటలు. అభ్యర్థి సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువుండాలని కూడా ఆ 2018 మార్గదర్శకాలు చెప్పాయి. కాబట్టి డిగ్రీ పరీక్షకు పీజీ చేసిన అంకుళ్లు పనికిరారు! గిరాకీ అంతా ఇంటర్, డిగ్రీ పిల్లలకే. వాళ్లకీ అప్పుడే పరీక్షలు. అసలు చిక్కు అదీ.

మీ ఊళ్లో అంధుల పాఠశాలో, వాళ్లకోసం పనిచేసే సంస్థో ఉంటే సెలవుల్లోనే వెళ్లి పేరు, చదువు, రాయగలిగే భాషలు ఇచ్చి రండి. పరీక్ష ముందురోజు రాత్రి వెతుక్కునే తిప్పలు తప్పుతాయి. అంకుళ్లూ, మీరు పాఠాలు చదివి రికార్డ్ చేసి పంపండి. దానికి ఏ నిబంధనా అడ్డు రాదు.