పరీక్షలయ్యాక బడెందుకు?

రెండేళ్ల కిందటి ఏప్రిల్. పొద్దున బడిలో ఒక మాట అన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి దానికి సరిగ్గా ఎదురు మాట అన్నాను. రెండూ ఒకే రోజు, ఒకే నోటితో. అప్పుడు నాకేమీ అనిపించలేదు. అనిపించేసరికి జూన్ వచ్చేసింది.

నేను గుంటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఏప్రిల్ మూడో వారంలో మా బడులు ఎలా ఉంటాయో పిల్లల్ని పంపిన వాళ్లందరికీ తెలుసు. ఒంటిపూట బడులు. వార్షిక పరీక్షలు అయిపోయి ఉంటాయి. చివరి పనిదినం మాత్రం 23. మధ్యలో నాలుగైదు రోజులు మిగులుతాయి. పేపర్లు దిద్దాలి, మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించాలి, ప్రోగ్రెస్ కార్డులు రాయాలి. ఆ హడావిడిలో పిల్లలొస్తే గోల. రావద్దని ఎవరూ ఆర్డరు వేయరు గానీ, ఆ సంగతి పిల్లలకు ఎలాగో చేరిపోతుంది. పరీక్షలైన మర్నాటికి బడి సగం ఖాళీ. ఆ తర్వాతి రోజుకి వంటామె "ఎన్ని గుడ్లు ఉడకేయమంటారు మేడం?" అని నవ్వుతూ అడుగుతుంది.

ఆ ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మాత్రం రోజూ వచ్చింది. వరండాలో కాసేపు కూర్చునేది. స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరికొచ్చి "మేడం, మంచినీళ్లు తేనా? మార్కులు కూడిపెట్టనా?" అనేది. నేను కట్టల మధ్య మునిగిపోయి ఉన్నాను. "ఏందమ్మా, పరీక్షలైపోయినాక ఇంకా బడెందుకు? హాయిగా ఇంటికాడ ఆడుకో. రేపట్నుంచి రావక్కర్లేదులే" అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. రాలేదని నేను గమనించను కూడా లేదు.

సాయంత్రం ఇంట్లో మా అబ్బాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసి రెండు వారాలు దాటింది. ఫలితాలింకా రాలేదు. కానీ ఇంటర్ సీటు జనవరిలోనే ఖాయమైపోయింది. ఇంటికొచ్చిన కాలేజీ మనిషి "ఇప్పుడు కడితే ఫీజులో రాయితీ మేడం" అంటే కట్టేశాం. ఇప్పుడు బ్రిడ్జి కోర్సు మొదలైంది, పంపమని రోజుకు రెండుసార్లు ఫోను.

"అమ్మా, పరీక్షలైపోయాయి కదా. ఒక్క నెల అమ్మమ్మ వాళ్లూరెళ్లొస్తా" అన్నాడు వాడు.

"పరీక్షలైపోతే చదువైపోయినట్టా? అందరూ వెళ్తుంటే నువ్వొక్కడివీ వెనకబడిపోవూ?" అన్నాను.

వేసవి సెలవుల్లో తరగతులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ప్రైవేటు కాలేజీలకు చెబుతూనే ఉంటుంది. టీచర్నే కదా, ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ ఊళ్లో పిల్లలకు చెప్పే న్యాయం మన పిల్లాడి దగ్గరికొచ్చేసరికి గొంతులోనే ఆగిపోతుంది. మర్నాటి నుంచి వాడు ఎనిమిదింటికి బస్సెక్కి, ఎండ తగ్గాక దిగేవాడు. రాత్రి అన్నం తింటూనే కునికేవాడు. ఆవకాయకి కాయలు కొట్టడానికి మనవడొస్తాడని మా అమ్మ వారం రోజులు చూసి, చివరికి పక్కింటి కుర్రాణ్ని పిలుచుకుందట.

జూన్‌లో అసలు క్లాసులు మొదలయ్యాక వాడే చెప్పాడు, "అమ్మా, కొత్తగా చేరినవాళ్లున్నారని మళ్లీ మొదటి పాఠం నుంచే చెబుతున్నారు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు మాత్రం నవ్వలేదు.

మా బడి 12న తెరిచాం. ఆ అమ్మాయి రాలేదు. వారం తర్వాత వచ్చింది. పదో తరగతి అటెండెన్సు పిలుస్తూ "ఇన్నాళ్లు ఏమైపోయావమ్మా?" అంటే తల వంచుకుంది. క్లాసయ్యాక దగ్గరికి పిలిచాను. నోటుబుక్కు పట్టుకున్న వేళ్ల చివర్లు పొట్టు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. మా వైపు మనుషులకు ఆ చేతులు చూస్తే వేరే చెప్పక్కర్లేదు. మిర్చి తొడిమలు తీసే పని. కిలోల లెక్కన కూలీ. ఆడవాళ్లు పొద్దున్నే ఆటోల్లో వెళ్లి, కాయల కుప్పల ముందు కూర్చుంటే చీకటి పడేదాకా లేవరు. ఎంత కడుక్కున్నా మంట పోదు. ఆ చేత్తో కళ్లు తుడుచుకోవడానికి లేదు.

"రాత్రిళ్లు చేతులు మండుతుంటే నిద్ర పట్టేది కాదు మేడం" అంది.

"సెలవులు కదా, వద్దని అమ్మకి చెప్పకపోయావా?"

"బడున్నన్నాళ్లూ తీసకపోదు మేడం. బడుందని చెబితే ఊరుకుంటది. మీరే రావద్దన్నారుగా."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పిందంతే. నేను మాత్రం ఆ రోజు స్టాఫ్‌రూంలో టీ తాగలేకపోయాను. సెలవులెలాగూ వచ్చేవే, ఆ నాలుగు రోజులు బడి ఉన్నంత మాత్రాన ఆ పిల్ల పని తప్పేదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పేది కాదు. కానీ ఆ నాలుగు రోజులూ ఆ పిల్లవి. వాటిని తీసి ఇచ్చేసింది నేను.

అప్పట్నుంచీ ఎవరైనా "పరీక్షలయ్యాక పిల్లలు బడికెందుకండీ?" అంటే చప్పున జవాబు చెప్పలేను. తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు. ఇద్దరూ పనికి పోతే ఇంట్లో పిల్లాడికి తోడు ఫోనొక్కటే. మగపిల్లలు కాలవలకూ క్వారీ గుంటలకూ ఈతకి పోతే గుండె గుప్పిట్లో పెట్టుకోవాలి. ఏటా వేసవిలో పేపర్లో ఆ వార్తలు చదవలేం. బడే నయం అనుకోవడంలో తప్పు లేదు. ఇటు పదిహేనేళ్ల పిల్లాడు ఏడాదంతా పుస్తకాలు మోసి "ఒక్క నెల" అని అడగడంలోనూ తప్పు లేదు.

తప్పు మరో చోట ఉంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. పరీక్షల తర్వాతి ఆ కాసిని రోజులూ పనిదినాలే. మా దగ్గర బడి రిజిస్టర్లో ఉంటుంది, గదుల్లో ఉండదు. మా అబ్బాయి వెళ్లిన చోట సెలవు బోర్డు ఉత్తర్వులో ఉంటుంది, పిల్లాడి చేతికి రాదు. మేం ఆ రోజుల్ని పారేస్తున్నాం. వాళ్లు లాక్కుంటున్నారు. మార్కుల భయం లేకుండా పిల్లవాడు బడి మెట్లెక్కే రోజులు ఏడాది మొత్తంలో అవే. వాటితో ఏం చెయ్యాలో మాకూ తెలియలేదు, వాళ్లకూ తెలియలేదు.

పోయిన ఏడాది హెడ్మాస్టరుగారిని అడిగి, పరీక్షలైన మర్నాటి నుంచి 23 దాకా లైబ్రరీ గది తీయించాను. రావాలనుకున్నవాళ్లు రండి, రాని వాళ్లను ఏమీ అనం అని ముందే చెప్పాం. సిలబస్ మాట ఎత్తలేదు. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. కథల పుస్తకాలు చదివారు, క్యారమ్స్ ఆడారు. ఒకరోజు ఇంటి నుంచి కరెంటు బిల్లు తెమ్మని, అందులో ఏ అంకె దేనికో చూశాం. ఒకరోజు బ్యాంకులో డబ్బు కట్టే ఫారం నింపడం. ఇంకోరోజు వంటామెను పిలిచి, వంద మందికి బియ్యం, పప్పు ఎంత పడతాయో చెప్పించాం. నా లెక్కల కంటే ఆమె లెక్కలే పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఏడాది పొడవునా నా క్లాసులో నోరు విప్పని ఎనిమిదో తరగతి కుర్రాడొకడు నిలబడి కథ పైకి చదివాడు. తడబడ్డాడు, ఎవరూ నవ్వలేదు. చివరి రోజుకి ఇరవై ఆరు మంది అయ్యారు. పేపర్లు నేను ఇంటికి తెచ్చుకుని రాత్రిళ్లు దిద్దాను. అదొక్కటే నాకైన ఖర్చు.

మా అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు కూడా అప్పటికి అయిపోయాయి. ఈసారి కాలేజీ ఫోన్లు నేనే ఎత్తి, "సెలవులిచ్చాక పంపనండీ" అని చెప్పాను. మేలో ఆవకాయకి కాయలు వాడే కొట్టాడు. వెనకబడ్డాడా అంటే, ఇప్పటికైతే అలాంటిదేమీ కనబడలేదు.

లైబ్రరీ గది తీసిన రెండో రోజు ఆ అమ్మాయి వచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసేసింది, రిజిస్టర్లో పేరు లేదు. యూనిఫాం వేసుకునే వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి "మేడం, నేనూ రావచ్చా?" అంది. పుస్తకాలకి నంబర్లు వేసే పని ఇచ్చాను. పన్నెండున్నర దాకా తల ఎత్తకుండా వేసింది. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"మేడం, రేపు కూడా బడుంటదా?"

"ఉంటుంది" అన్నాను.

"అయితే అమ్మకి అట్నే చెప్తా" అని నవ్వుతూ వెళ్లిపోయింది.