పుష్పగిరి దాకా నడక, ఫ్రెంచ్‌లో

మా వల్లూరు పిల్ల ఒకామె పైచదువుకని ఫ్రెంచ్ నేర్చుకుంటోంది. డెల్ఫ్ ఏ1 అనే తొలిమెట్టు ఫ్రెంచ్ పరీక్షలో మాట్లాడే భాగానికి 25 మార్కులు. తీరిక వేళల్లో ఏం చేస్తావని అడగడం అక్కడ మామూలే. పాపం, స్కీయింగ్, టెన్నిస్ అని బట్టీ పడుతుంటే నేనే ఆపినా. మంచులో నువ్వెప్పుడు జారినావమ్మా? పొద్దున్నే పుష్పగిరి దాకా నడుస్తావు కదా, అదే చెప్పు: 'జ ఫే ద లా మార్ష్'. యోగా చేస్తే 'జ ఫే ద్యు యోగా'. కబడ్డీ ఆడితే 'జ జూ ఓ కబడ్డీ'. వీణ వాయిస్తే మాత్రం 'ఓ' పోయి 'ద లా' వస్తుంది: 'జ జూ ద లా వీణ'. తరచూ చేస్తానని చెప్పాలంటే 'సువాఁ' తగిలిస్తే సరి. మొదటి మెట్టుకు ఇంతకన్నా పెద్ద వ్యాకరణం అక్కర్లేదు.

క్రికెట్ ఆడతానని చెబితే ఫ్రెంచ్‌వాళ్లకేం తెలుస్తుందిలే అని ఆ పిల్లకు బెరుకు. తెలియకేం? 1900 పారిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ రజతం ఫ్రాన్స్‌దే! (ఆడింది రెండే జట్లు, అది వేరే సంగతి.)

1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం వైపు మిత్రులూ, మీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లుంటే సాయంత్రాలు కాసేపు ఫోన్లో ఈ పిల్లతో మాట్లాడండి. కామెంట్లో ఒక మాట చెప్తే నేనే కలుపుతా.